సెగకు బొగ్గే కావాలా?

"గ్యాసు మింద కాలిస్తే రుచి యాడొస్తాదప్పా? కాలిస్తే బొగ్గుల మిందనే కాల్చల్ల."

బళ్ళారి సత్యనారాయణపేటలో మిద్దె మీదికి ఒక గ్యాస్ గ్రిల్ కొనుక్కోవాలని నోరు తెరిచినవాళ్ళు ముందుగా వినేది ఈ మాటే. బంధువులు అంటారు, పక్కింటివాళ్ళు అంటారు, వంటసామాను కొట్లో మన పక్కన నిలబడి ఇంకేదో బేరం చేస్తున్న మనిషి కూడా అంటాడు. డల్లాస్ నుంచి సెలవులకు వచ్చిన మేనల్లుడు, అక్కడ తన పెరట్లో వాడేది గ్యాస్ గ్రిల్లే అయినా, ఇక్కడికి వచ్చాక ఇదే పాట అందుకుంటాడు. ఇన్ని నోళ్ళలో నానిన మాట గనుక ఎవరూ దాన్ని పరీక్షకు పెట్టలేదు. ఆ పరీక్ష ఇప్పుడు చేద్దాం.

ముందు వాళ్ళ వాదనను ఉన్నదున్నట్టు చెప్పడం ధర్మం. బొగ్గుకు మంట ఉండదు, సెగ ఉంటుంది. ఆ సెగ పొడిగా, గట్టిగా తగులుతుంది. గ్యాసు మండితే నీటి ఆవిరి పుడుతుంది, ఆ ఆవిరి తగిలిన ముక్క కాలదు, ఉడుకుతుంది. పొగ వాసన బొగ్గు ఇస్తుంది, గ్యాసు ఇవ్వదు. సిలిండరంటే ప్రాణభయం, బొగ్గు తాతముత్తాతల నాటిది. గ్రిల్ అనేది పరదేశపు సరదా, మాంసం తినేవాళ్ళ సరంజామా, మన వంటకు అక్కరలేదు. అంతగా మోజుంటే ఐదారు వేలలో వచ్చేది ఒకటి కొనుక్కో, గ్యాసు దానికి అంతకంటే పెట్టడం దండగ.

ఇందులో నిజాలు కొన్ని ఉన్నాయి. వాటిని దాటవేయను. ఆ నిజాల మీద వాళ్ళు కట్టిన తీర్పు నిలబడదు, అదే నా మాట.

1. పొగ పోయాక కాల్చి, రుచి పొగదంటారు

బొగ్గు ఎలా పుడుతుందో చూస్తే ఈ వాదన మొదటి మెట్టు మీదే జారిపోతుంది. మన మెట్ట ప్రాంతాల్లో బొగ్గుబట్టీలకు వెళ్ళేది ఎక్కువగా సర్కారు తుమ్మ కట్టె. కన్నడంలో దాని పేరే బళ్ళారి జాలి. కట్టెలు పేర్చి, పైన మట్టి కప్పి, గాలి అంతంతమాత్రంగా ఆడేలా చేసి రోజుల తరబడి మగ్గబెడతారు. అలా మగ్గుతున్నప్పుడు కట్టెలోని నీరూ, జిగురూ, వాసననిచ్చే పదార్థాలూ పొగై పోతాయి. మిగిలేది చాలావరకు కర్బనమే. కట్టె పొగకు ఒక పరిమళం ఉంది, కాదనను. కానీ ఆ పరిమళం బట్టీ దగ్గరే గాలిలో కలిసిపోయింది. మన ఇంటికి వచ్చిన బస్తాలో అది లేదు.

బొగ్గు పక్షంవాళ్ళే ఇంకో మాట చెబుతారు, అదీ నిజమే. బొగ్గు బాగా రాజుకుని, పొగంతా పోయి, పైన తెల్లటి బూడిద పూత పట్టేదాకా ముక్కలు పెట్టకూడదంటారు. పొగ పోయేదాకా ఆగమన్నవాళ్ళు, ఆ తర్వాత వచ్చిన రుచిని బొగ్గు పొగ ఖాతాలో ఎలా రాస్తారు? ఈ రెండు మాటల్లో ఏదో ఒకటే నిలవాలి.

మరి కాల్చిన ముక్కకు ఆ వాసన ఎక్కడిది? ముక్క నుంచి కారిన కొవ్వు, నూనె, మసాలా నీళ్ళు కింద కాగుతున్న నిప్పు మీదో ఇనుము మీదో పడి, చుర్రుమని పొగై లేచి, మళ్ళీ ఆ ముక్కనే అంటుకుంటాయి. రుజువు కోసం దూరం పోనక్కరలేదు. బిర్యానీకో పప్పుకో పొగ పెట్టేటప్పుడు మధ్యలో చిన్న గిన్నె ఉంచి అందులో నిప్పుకణిక వేస్తారు. ఉత్త కణిక వేసి మూత పెడితే జరిగేదేమీ లేదు. దాని మీద చెంచాడు నెయ్యి పడినప్పుడే గుప్పుమని పొగ లేస్తుంది. అంటే వాసన నెయ్యిది, బొగ్గు దాన్ని మాడ్చింది, అంతే. ఇంకా అనుమానం ఉంటే ఒక అప్పడం బొగ్గుల మీద, ఒకటి గ్యాసు మంట మీద కాల్చి తిని చూడండి. కారడానికి ఏమీ లేని అప్పడంలో బొగ్గు రుచి దొరకదు.

ఇక పైన పట్టే ఎర్రటి రంగు, కమ్మదనం. అమైనో ఆమ్లాలూ చక్కెరలూ వేడికి కలిసి గోధుమరంగునూ ఎన్నో రకాల వాసనలనూ పుట్టించే ఈ చర్యను 1912లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీ మయ్యార్ వివరించాడు. సుమారు 140 డిగ్రీల దగ్గర అది జోరందుకుంటుంది. కావలసింది ఆ వేడి. అది ఏ ఇంధనం నుంచి వచ్చిందన్న దానితో ఆ చర్యకు పని లేదు.

సెగ మాటకు వస్తే, ఇక్కడ వాళ్ళు చెప్పింది సగం నిజం, అందుకే ఇక్కడ కాస్త ఆగాలి. నిప్పుకణిక ఎర్రగా వెలుగుతూ నేరుగా సెగను చిమ్ముతుంది. నీలి గ్యాసు మంట అలా చిమ్మదు, అది గాలిని వేడి చేస్తుంది. మంట మీద పల్చటి తీగల జాలీ వేసి ముక్క పెడితే కింద మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. "గ్యాసు రుచి" అని తిట్టేది దీన్నే, తిట్టదగిందే. కానీ ఈ లోపాన్ని గ్రిల్ తయారుచేసేవాళ్ళు ఎప్పుడో గుర్తించారు. మంచి గ్రిల్‌లో మంట ముక్కను తాకదు. బర్నర్ల మీద మందపాటి లోహపు రేకులు ఇంటిచూరులా వాలుగా కప్పి ఉంటాయి, వాటి మీద పోత ఇనుము కమ్మీల జాలీ ఉంటుంది. మంట వాటిని కాలుస్తుంది. కాలిన ఇనుము బొగ్గులాగే సెగ చిమ్ముతుంది. కారిన కొవ్వు ఆ రేకుల మీద పడి పొగై లేస్తుంది. బొగ్గు చేసే రెండు పనులూ అక్కడే జరుగుతున్నాయి.

ఈ ఏర్పాటును జనంలోకి తెచ్చింది ఎవరో కూడా చెప్పాలి. 1952లో షికాగోలో వెబర్ బ్రదర్స్ లోహపు కర్మాగారంలో పనిచేసే జార్జ్ స్టీఫెన్, నీటి మీద తేలే లోహపు బోయాను రెండు ముక్కలుగా వాడుకుని మూత ఉన్న గుండ్రటి బొగ్గు గ్రిల్‌ను చేశాడు. ప్రపంచమంతా బొగ్గు గ్రిల్ అనగానే గుర్తొచ్చే ఆకారం అదే. ఆ వెబర్ కంపెనీయే 1985లో బర్నర్ల మీద వాలు రేకులున్న గ్యాస్ గ్రిల్ తెచ్చింది. బొగ్గుతో పేరు తెచ్చుకున్నవాళ్ళే సెగకు బొగ్గు ఒక్కటే దారి కాదని ఒప్పుకుని నలభై ఏళ్ళు దాటింది.

నీటి ఆవిరి అభ్యంతరానికీ జవాబు చెబుతాను. కిలో వంటగ్యాసు మండితే సుమారు కిలోన్నర నీరు ఆవిరిగా పుడుతుంది, ఇది రసాయన శాస్త్రం, దాచేది లేదు. అయితే ఆ ఆవిరి గ్రిల్‌లో కూర్చుని ఉండదు. వెనకవైపు సందుల్లోంచి వేడిగాలితో పాటు బయటికి పోతుంది. మూత వేసి పది పదిహేను నిమిషాలు కమ్మీలను కాగనిచ్చి, ముక్క పెట్టేముందు దాని తడి తుడిచి, పైరంగు పట్టేదాకా మూత తెరిచి ఉంచితే ఉడికే ప్రసక్తే రాదు. పెరుగులోంచి తీసిన ముక్కను కారుతూ కారుతూ జాలీ మీద పడేసి గ్యాసును నిందించేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ ముక్క బొగ్గుల మీదైనా ఉడికేదే.

కట్టె పొగ పరిమళమే కావాలనుకునేవాళ్ళకు దారి ఉంది. ఎండిన మామిడి కట్టె పేళ్ళు నాలుగు చిన్న ఇనప డబ్బాలో వేసి బర్నరు పైన పెట్టండి. బొగ్గు ఇవ్వలేని అసలు కట్టె వాసన అప్పుడు వస్తుంది.

2. విసిరేది ఎవరు, తోమేది ఎవరు

బొగ్గు రుచి గురించి మాట్లాడేవాళ్ళలో కుంపటి రాజేసినవాళ్ళు ఎంతమంది? మా అవ్వ చివరి రోజుల దాకా పొయ్యి ఊదుతూనే బతికింది. ఊదుగొట్టం పట్టుకుని వంగినప్పుడు ఆమె కళ్ళు ఎర్రబడడం, తెల్లవారుజామున దగ్గు తెర తగ్గకపోవడం ఇంట్లో అందరికీ మామూలు విషయం. పంక్తిలో కూర్చున్న మగవాళ్ళు మాత్రం "పొయ్యి మింది వంట రుచే వేరు" అనేవాళ్ళు. ఆ మాట అన్నవాళ్ళెవరూ పొయ్యి ముందు కూర్చోలేదు.

ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అయిదేళ్ళ లోపు పిల్లలే 2,37,000 మందికి పైగా ఉన్నారు. ఇది రోజూ కట్టెలూ పిడకలూ బొగ్గూ మండే ఇళ్ళ లెక్క. ఆదివారం మిద్దె మీద కాల్చుకునే కుంపటిని దీనితో సమానం చేయడం న్యాయం కాదు, చేయను. కానీ ఆ పొగను వదిలించడానికి ఎంత ప్రయత్నం జరిగిందో మరచిపోకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో గ్యాస్ కనెక్షన్లిచ్చే దీపం పథకం వచ్చింది. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బల్లియాలో అలాంటిదే ఉజ్వల పథకం మొదలైంది. మా కర్ణాటకలో అనిల భాగ్య పేరుతో కనెక్షన్లు ఇచ్చారు. పొయ్యి ముందునుంచి ఆడవాళ్ళను లేపడానికి ప్రభుత్వాలు ఇంత పనిచేసిన నేల మీద, పొగే రుచి అని పిల్లలకు నేర్పడం ఏం న్యాయం?

ఆదివారపు కుంపటిలోనూ ఇదే పంపకం కనిపిస్తుంది. మగవాళ్ళు చువ్వలు తిప్పుతారు, ఫొటోలు దిగుతారు. బొగ్గు రాజుకోవడానికి ముప్పావు గంట విసిరేది, పిల్లలు దగ్గరికి రాకుండా చూసేది, ఆరాక బూడిద ఎత్తేది, మసి పట్టిన జాలీ తోమేది ఎవరో ఇంటింటికీ తెలుసు. గ్యాస్ గ్రిల్ పదిహేను నిమిషాల్లో సిద్ధమవుతుంది, పని కాగానే ఆరిపోతుంది. కమ్మీలు వేడిగా ఉండగానే బ్రష్షుతో గీకి, కింది జిడ్డు పళ్ళెం తీసి కడిగితే సరి. వంట చేసే మనిషి కష్టాన్ని లెక్కలోకి తీసుకోని రుచి లెక్క తప్పుడు లెక్క.

పాదరసం 40 డిగ్రీలు దాటే బళ్ళారి ఎండాకాలంలో ఇంకో లాభం ఉంది. వంటింట్లో ఒక పూట పొయ్యి వెలిగించకుండా, సాయంత్రం మిద్దె మీద రొట్టె, కూర, ముక్క అన్నీ కానిచ్చేయవచ్చు. ఇల్లు చల్లగా ఉంటుంది. ఇది ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకే విలువ తెలిసే సౌఖ్యం.

3. భయపడాల్సింది దేనికి

సిలిండరంటే భయం మంచిదే, జాగ్రత్త నేర్పుతుంది. కానీ గ్యాసు ప్రమాదకరం గనుక బొగ్గు క్షేమం అనడం రెండో మాట. మొదటి మాట నుంచి రెండోది పుట్టదు.

మండే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చినుకు పడిందని కుంపటిని వసారాలోకి, అక్కడినుంచి వంటింట్లోకి జరిపే ఇళ్ళను నేనెరుగుదును. పైకి ఆరినట్టు కనిపించే బొగ్గు కూడా గంటల తరబడి ఆ వాయువును వదులుతూనే ఉంటుంది. మూసిన గదిలో మనిషి నిద్రలోనే పోతాడు. వంటగ్యాసుకు సహజంగా వాసన ఉండదు గనుక ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపుకొట్టే పదార్థం కలిపి పంపుతారు. లీకయితే ముక్కే చెబుతుంది. ఒకటి చెప్పకుండా చంపేది, ఇంకొకటి ముందే హెచ్చరించేది. భయపడేవాళ్ళు దేనికి ఎక్కువ భయపడాలి?

గ్యాస్ గ్రిల్ వల్ల నిప్పంటుకోదని నేననను. అంటుకుంటుంది. లీకయిన పైపు, తుడవని జిడ్డు, ఈ రెండూ పెద్ద శత్రువులు. రెండూ మన చేతిలో ఉన్నవే. ఐఎస్ఐ గుర్తున్న సురక్షా పైపే వాడాలి, అయిదేళ్ళకు మార్చాలి. బిగించిన ప్రతిసారీ కీళ్ళ దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. గ్యాసు గాలికంటే బరువు, కిందికి పారుతుంది. అందుకే గుంతల్లో, మెట్ల కింద, గాలాడని మూలల్లో పెట్టకూడదు. సిలిండర్ నిలువుగానే ఉండాలి. వెలిగించేటప్పుడు మూత తప్పకుండా తెరిచి ఉండాలి, లేకపోతే లోపల నిండిన గ్యాసు ఒక్కసారిగా అంటుకుంటుంది. సిలిండర్ మెడ మీద ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. అది సిలిండర్‌ను మళ్ళీ పరీక్షించాల్సిన గడువు, దాటితే తీసుకోకండి.

అమెరికాలో ఎన్నో చోట్ల అనుసరించే ఎన్‌ఎఫ్‌పీఏ 1 అనే అగ్ని నియమావళి అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో, భవనానికి 10 అడుగుల లోపు గ్రిల్ వెలిగించడాన్ని నిషేధిస్తుంది. అక్కడి అపార్ట్‌మెంట్లలో ఉండే మన పిల్లలు గమనించాల్సింది, ఆ నిషేధం బొగ్గుకూ గ్యాసుకూ ఒకేలా వర్తిస్తుంది. బొగ్గుకు మినహాయింపు లేదు.

4. "మనది కాదు" అనేవాళ్ళకు

పరదేశపు వస్తువని తోసేయాలంటే ముందు బొగ్గునే తోసేయాలి. బళ్ళారి పేరు పెట్టుకున్న ఆ జాలిచెట్టు పుట్టిల్లు అమెరికా ఖండం. ఆ బొగ్గుల మీద కాల్చే మిరపకాయ పుట్టిల్లూ అదే. వంటగ్యాసు మనకు వచ్చింది 1955లో, బొంబాయిలో బర్మా షెల్ ద్వారా. ఇండేన్ తొలి కనెక్షన్ 1965 అక్టోబరులో కలకత్తాలో ఇచ్చారు. గ్యాసు మీద వండిన అన్నం తింటే కడుపులో గ్యాసు పుడుతుందని మా అవ్వ గట్టిగా నమ్మింది. ఈ రోజు ఆ మాట ఎవరూ అనరు. గ్రిల్ గురించి ఇప్పుడంటున్నవీ అలాంటి మాటలే.

మాంసం తినేవాళ్ళ సరంజామా అన్న మాట వింటే నాకు మరీ బాధ కలుగుతుంది. అది మన వంటనే మనం మరచిపోయామని చెబుతుంది. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. వంటింట్లో మాత్రం ఎవరూ గీత గీయలేదు. తెలుగువాళ్ళ కాల్చిన వంకాయ పచ్చడి, కన్నడిగుల సుట్ట బదనేకాయి గొజ్జు పక్కపక్క ఇళ్ళలో ఒకే సెగ మీద పుట్టాయి. జొన్నరొట్టెను పెనం మీద నుంచి దించి నిప్పుల వారగా నిలబెట్టి పొంగించేది మన అవ్వలే. మొక్కజొన్న కంకి, చిలగడదుంప, పచ్చిమిరప, టమాటా, ఉల్లిగడ్డ, ఇవన్నీ మనం కాల్చుకు తిన్నవే. సెగ మీద వంట మనకు కొత్తగా నేర్పాల్సింది కాదు.

ఇక్కడే బొగ్గు వాదనకు అసలు చిక్కు ఉంది. దాదాపు ప్రతి తెలుగింట్లో వంకాయను గ్యాసు పొయ్యి మీదే, వేళ్ళు కాల్చుకుంటూ, తొక్క ఒకవైపు మాడి ఒకవైపు పచ్చిగా కాలుస్తున్నారు. పచ్చడి తిని లొట్టలేస్తున్నారు. గ్యాసు మీద కాల్చితే రుచి రాదని అప్పుడు ఎవరూ అనరు. అదే వంకాయ మూతవేసిన మంచి గ్రిల్‌లో నాలుగు వైపులా సమంగా కాలి, లోపలి గుజ్జు వెన్నలా దిగుతుంది. ఒకేసారి పది కాయలు పెట్టొచ్చు. పొయ్యి మీద ఒప్పుకున్నదాన్ని గ్రిల్ మీద కాదనడానికి కారణం ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు.

5. "చవకది చాలు" అనేదే అన్నిటికంటే హాని చేసే మాట

పై నాలుగు మాటలూ గ్రిల్ కొనకుండా ఆపుతాయి. ఈ అయిదో మాట తప్పుడు గ్రిల్ కొనిపిస్తుంది. గ్యాస్ గ్రిల్‌కు చెడ్డపేరు తెచ్చింది బొగ్గు పక్షం కాదు, చవక గ్రిళ్ళు. ముందు పనికిరానిది కొనిపించి, తర్వాత దాని మీద కాలని ముక్కను చూపించి "చూసినావా, నేను చెప్పలేదా" అంటారు.

ఆ వలలో నేనూ పడ్డాను. మొదటిసారి ఒక కొట్లో చవకగా వస్తోందని కొన్నాను. పల్చటి రేకు పెట్టె, రెండు బర్నర్లు, తీగల జాలీ. మూత వేస్తే గాలికే టపటపలాడేది. ఒక వానాకాలం గడిచేసరికి బర్నరు తుప్పుపట్టి, సగం రంధ్రాలు పూడి, మంట ఒకవైపే వచ్చేది. అటు ముక్క మాడేది, ఇటు ముక్కలో నెత్తురు కనిపించేది. బర్నరు మార్చమని అడిగితే ఆ భాగం విడిగా రాదన్నారు. కొన్న పదహారు నెలలకు దాన్ని పాత ఇనుప సామాను వాడికి వేశాను. దానితో పాటు పోసిన డబ్బంతా పోయింది. దుకాణదారుడిని కాదు, నన్ను నేనే నిందించుకోవాలి. చవకది చాలన్న మాట నమ్మినవాణ్ణి నేనే.

మంచి గ్రిల్ అంటే ఏమిటో కొనేముందు తెలుసుకోవాలి. మొదటిది బరువు. సెగ పట్టి ఉంచేది మందపాటి ఇనుము, అది లేకపోతే మొదటి భాగంలో చెప్పిన వాదనంతా వీగిపోతుంది. చల్లటి ముక్క పెట్టగానే పల్చటి జాలీ వేడి పోగొట్టుకుంటుంది, పోత ఇనుము పోగొట్టుకోదు. రెండోది బర్నరు లోహం. స్టెయిన్‌లెస్ అని రాసి ఉంటే చాలదు, 304 రకమా అని అడగండి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, అందుకే తుప్పును తట్టుకుంటుంది. చవకగా వచ్చే 430 రకానికి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచిదేనని కూడా నమ్మకండి, నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 201 రకానికీ అంటుకోదు, అది త్వరగా తుప్పు పడుతుంది. కాబట్టి రాతపూర్వకంగా అడగడమే మేలు.

మూడోది, ప్రతి బర్నరుకు వేరే మీట ఉండాలి. ఒకవైపు పెద్ద మంట, ఒకవైపు ఆర్పేసి మూత వేసి కాల్చగలిగితేనే అది గ్రిల్. కోడి తొడ, నిండు వంకాయ, చిలగడదుంప లాంటివి ముందు మంట ఉన్నవైపు రంగు తెచ్చుకుని, తర్వాత మంట లేనివైపు జరిగి లోపలిదాకా కాలాలి. బొగ్గుతో ఇలా చేయాలంటే నిప్పులు పక్కకు నెట్టాలి, కొత్త బొగ్గు పొయ్యాలి, మళ్ళీ రాజేయాలి. వేడిని అరనిమిషంలో పెంచి తగ్గించగలగడం గ్యాసుకున్న అసలు బలం. చవక గ్రిల్ ఆ బలాన్నే తీసేసి అమ్ముతుంది.

వేడి అంకెల గొప్పలకు లొంగకండి. బీటీయూ అనే ఆ వేడి కొలత ఎక్కువుంటే ఎక్కువ గ్యాసు తాగుతుందని మాత్రమే అర్థం. పల్చటి పెట్టెలో ఆ వేడి సందుల్లోంచి పోతుంది. మరో ముఖ్యమైన సంగతి: గ్రిల్ మన వంటగ్యాసుకు, మన సిలిండర్ రెగ్యులేటరుకు సరిపోయేలా తయారైనదేనా అని అడగండి. పైపు గ్యాసుకు చేసిన గ్రిల్‌లో నాజిల్ రంధ్రం పెద్దది. దాన్ని సిలిండర్‌కు తగిలిస్తే మంట పొంగి పైకి లేస్తుంది. బయటి దేశం నుంచి బంధువులు తెచ్చిన గ్రిల్ రెగ్యులేటరు మన సిలిండర్ మూతికి పట్టదు. తాడూ బొంగరం లేని అమరికలతో దాన్ని బిగించే మెకానిక్కును ఇంటికి రానివ్వకండి.

గ్యాసు ఖర్చు బూచి కూడా చూపిస్తారు. లెక్క చేద్దాం. మూడు బర్నర్ల గ్రిల్ పూర్తి మంట మీద గంటకు సుమారు 700 గ్రాముల గ్యాసు తాగుతుంది. 14.2 కిలోల సిలిండర్ తొమ్మిది వందలనుకుంటే గంటకు 45 రూపాయలు. ఇంటి వంటలో ఎవరూ మూడు బర్నర్లనూ గంటసేపు పూర్తిగా తిప్పి ఉంచరు. వారానికి ఒకసారి, రెండు బర్నర్లు నడిమి మంట మీద గంటసేపు వాడితే నెలకు కిలోన్నర దాటదు. బొగ్గయితే ఒక పూటకే రెండు కిలోలు పోస్తాం, తినడం అయిపోయాక కూడా అది మండుతూనే ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇంటి ఎర్ర సిలిండర్‌ను ఇంటి వంటకే వాడండి. అదే గ్రిల్‌తో బండి పెట్టి అమ్మాలనుకుంటే 19 కిలోల వాణిజ్య సిలిండర్ తీసుకోవాల్సిందే.

మంచి గ్రిల్‌కు నలభై యాభై వేలు దాటవచ్చు. అది చిన్న మొత్తం కాదు, అందరూ పెట్టాలని నేననను. పెట్టలేనివాళ్ళకు నా సలహా స్పష్టం: చవక గ్రిల్ కొనకండి, మందపాటి పోత ఇనుము పెనం ఒకటి కొనుక్కోండి. ఉన్న గ్యాసు పొయ్యి మీదే అది పది నిమిషాలు కాగితే అయిదారు వేల రేకు గ్రిల్ కంటే మంచి సెగ ఇస్తుంది, మనవళ్ళ కాలం దాకా నిలుస్తుంది. పెట్టగలిగినవాళ్ళు మాత్రం బొగ్గు మాట విని ఆగకండి, చవక మాట విని జారకండి. వాడని నెలల్లో బర్నరు గొట్టాల్లో సాలీడు గూడు కడుతుంది, వెలిగించేముందు ఒకసారి తీసి ఊది చూడండి. వానకు కప్పి ఉంచండి. అంతకుమించి అది మిమ్మల్ని ఏమీ అడగదు.

కొట్టుకు వెళ్ళినప్పుడు రంగు చూడకండి, పేరు చూడకండి. మూత ఎత్తండి. లోపలి జాలీని ఒక చేత్తో పైకి లేపండి. చేతికి బరువు తెలియకపోతే అక్కడే పెట్టేసి ఇంటికి రండి.